సోములు జీపు తియ్యనన్న సంత

అనంతగిరి కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న గూడెంలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి సోములు. తొంభైల్లో శృంగవరపుకోట కృష్ణమూర్తిగారి సర్వీసు జీపు అతని చేతిలో ఉండేది. మనుషుల్నీ అల్లం బస్తాల్నీ పనసకాయల్నీ కోళ్ళనీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద కిందకీ పైకీ తిప్పేవాడు.

పొద్దున్నే బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగి తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. వేళ్ళ మధ్య రాసి జిగురు ఉందో లేదో చూసుకునేవాడు. ఒకసారి అది చూసిన అతని భార్య యర్రమ్మ, “నాకు జొరమొత్తే సెయ్యట్టుకు సూడవు గానీ దీనికి నాడి సూత్తన్నావు” అని నవ్వింది.

ఆ ఏడు అల్లం విరగపండింది. ట్రిప్పు మీద ట్రిప్పు. ఇంజనాయిలు మార్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. సోములు అడిగినప్పుడల్లా కృష్ణమూర్తి “ఈ సంత అవనీ” అనేవాడు. చెడ్డ మనిషేమీ కాదు. బండి ఒక పూట షెడ్డులో ఉంటే మాత్రం ఆయన ప్రాణం ఊరుకునేది కాదు.

ఒక సంత రోజు శృంగవరపుకోటలో బండి తియ్యబోతూ పుల్ల లాగి చూస్తే నూనె తారులా ఉంది. వేళ్ళకి ఇసకలా గరగరలాడింది. సోములు తిన్నగా యజమాని ఇంటికి వెళ్ళాడు.

“బాబూ, నూనె మారిసీదాకా నాను కొండెక్కను. మలుపులో ఇంజను పట్టేత్తే బండి నిండా మనుసులుంటారు.”

“ఇయ్యాల సంత కదేటి! రేపు మార్పిద్దాం.”

“రేపంటే సంతలు సంతలే ఎల్లిపోనాయి బాబూ.”

“నువ్వు లేపోతే బండి నడవదనుకున్నావేటి? తాళాలిలాగియ్యి.”

సోములు తాళాలు గుమ్మం మీద పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాటి నుంచి యర్రమ్మతో పాటు మిరియాల తీగలు కట్టే పనికి పోయాడు. జీపు గూడెం దాటినప్పుడల్లా చేతులు ఆగిపోయేవి. ఇంజనులో ఏదో కొట్టుకుంటున్న చప్పుడు రోజురోజుకీ పెరగడం అతనికి అక్కణ్ణుంచే వినిపించేది.

కొన్నాళ్ళకి, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, గూడెం కింది మలుపులో ఆ చప్పుడు ఠక్కున ఆగిపోయింది. సోములు పరుగెత్తాడు. ఇంజను పట్టేసింది. కొత్త డ్రైవరు మంగరాజు బండిని ఎలాగో కొండవైపుకి ఒరిగించి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సోములు చక్రాల కింద రాళ్ళు పెట్టి, ముసలాళ్ళని దించి, వాళ్ళ మూటలు గూడెంలోకి మోశాడు.

మంగరాజు వచ్చి సోములు చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, నానే పాడు సేసీసేనంటారు. నాకింకెవరూ బండియ్యరు.”

“పద, నానొత్తాను.”

“నీ పని లాక్కున్నోడి ఎనకాల నువ్వెల్తావేటి?” అంది మూటలందుకుంటున్న యర్రమ్మ.

“లాక్కోనేదే. ఆయనిత్తే పుచ్చుకున్నాడు. ఆడికీ ఇల్లుంది కదా.”

శృంగవరపుకోటలో కృష్ణమూర్తి మంగరాజుని చూస్తూనే అరుపులు అందుకున్నాడు. సోములు అడ్డం వెళ్ళాడు. “ఆణ్ణేటీ అనకండి బాబూ. ఆడి సేతికొచ్చేసరికే ఇంజను సగం సచ్చిపోనాది. నాను మీకు సెప్పేను. మీరు రేపన్నారు. మనుసుల్ని లోయలో పడకుండా ఆపినోడీడు.”

కృష్ణమూర్తి అరుగు మీద కూలబడి, “ఎవరికేటీ అవనేదు కదా?” అని మాత్రం అడిగాడు. లేదన్నాక తువ్వాలుతో మొహం తుడుచుకుని, “నువ్వొచ్చియ్యి సోములూ. తప్పు నాదే” అన్నాడు.

“వత్తాను. ఈడు కూడా ఉంటాడు. నూనె మారిసిన రోజు బండి కదల్దు.”

“అలాగే” అన్నాడాయన.

ఇంజను విప్పి బాగుచేయించి జీపు తెచ్చుకునేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు ఇద్దరూ వంతులేసుకుని ఆ జీపునే నడిపారు. నూనె మార్చే రోజున జీపు కింద చాప పరుచుకుని సోములు, పక్కన డబ్బా పట్టుకుని మంగరాజు, వీధిలో కుర్చీ వేసుకుని కృష్ణమూర్తి. ఎవరైనా వచ్చి బండి కావాలంటే ఆయనే “ఇయ్యాల నేదయ్యా, రేపు రండి” అని పంపేసేవాడు.