చక్కెర వేయని జామముద్ద, నా కాలి వేలు

కుడికాలి చెప్పు ఊడిపోయింది. ఊడిపోయినట్టు నాకు తెలియలేదు. నా రోగం అలా మొదలైంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి చలికాలం అది. నా పేరు కొమురమ్మ. పొద్దున వీధుల వెంట తిరిగి, ఆ తర్వాత వరంగల్ మార్కెట్‌లో కూర్చొని పండ్లు అమ్ముకునేదాన్ని. భర్త పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. పొద్దున్నే జామపండ్ల గంప నెత్తిన పెట్టుకొని రోడ్డు వెంట నడుస్తున్నాను. వెనక నుంచి లచ్చవ్వ కేకేసింది. లచ్చవ్వ అరటిపండ్లు అమ్మేది, మార్కెట్‌లో నా పక్కనే కూర్చునేది.

"ఓ కొమురక్కా! చెప్పు గాడనే ఇడిసిపెట్టి పోతానవేందే? ఎవనికి దానం జేసినవ్?"

కిందికి చూసుకున్నాను. ఎడమకాలికి చెప్పు ఉంది, కుడికాలికి లేదు. అది నాలుగు దుకాణాల వెనక పడి ఉంది. అంతదూరం కంకర మీద వట్టికాలితో నడిచాను. చలికి తిమ్మిరి పట్టిందనుకున్నాను. లచ్చవ్వ నవ్వింది, నేనూ నవ్వాను.

తర్వాత దాహం మొదలైంది. చెంబెడు తాగినా నాలుక ఎండేది. గంప లచ్చవ్వకు అప్పజెప్పి గంటకోసారి వెనక గోడ చాటుకు పోవలసి వచ్చేది. "నీళ్ల పంపు ఇప్పినవా ఏందే?" అనేది ఆమె. రెండు నెలల్లో జాకెట్లన్నీ వదులయ్యాయి. నా కూతురు సరోజ అప్పుడు తొమ్మిదో తరగతి. నేను చెబుతుంటే ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా అదే. నాకు సంతకం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. సరోజే బడి ఎగ్గొట్టి నన్ను దవాఖానకు పట్టుకుపోయింది.

మూత్రం సీసాలో పట్టి ఇమ్మన్నారు. ల్యాబ్‌లో కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి ఒకడుండేవాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. నీలంగా ఉంటే మంచిది. ఆకుపచ్చ అయితే కొంచెం చక్కెర ఉన్నట్టు. పసుపు, నారింజ, ఆఖరున ఇటుక ఎరుపు. నాది నారింజ దాకా వచ్చి ఆగింది.

"డయాబెటిస్" అన్నాడు డాక్టరు సారు. "షుగర్ రోగం. చక్కెర బంద్, బెల్లం బంద్, స్వీట్లు బంద్. అన్నం సగం చేసి రొట్టె తిను. బిల్లలు రెండు పూటలా వేసుకో."

"నయమైతదా సారూ?"

"కంట్రోల్‌లో ఉంటది. కాళ్లు మాత్రం జాగ్రత్త. నీకు స్పర్శ తగ్గింది."

చెప్పినవన్నీ చేశాను. చాయలో చక్కెర ఆ రోజే మానేశాను. ఇంట్లో ఉన్న బెల్లం లచ్చవ్వకు ఇచ్చేశాను. అన్నం సగం చేశాను. కానీ జొన్నరొట్టెలోకి ఏదో ఒకటి కావాలి కదా. పండ్లమ్మే వాళ్ల ఇంట్లో అమ్ముడుపోని పండ్లు ఎప్పుడూ ఉంటాయి. మెత్తబడినవి, దెబ్బ తగిలినవి, చిలక కొరికినవి. వాటిని పారేసేదాన్ని కాదు. మెత్తగా ఉడికించి, పిండి జల్లెడలో వేసి రుద్ది గింజలు తీసేసి, ఆ గుజ్జులో బెల్లం వేసి దగ్గరికి చేసి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు బెల్లం లేకుండా చేయడం మొదలుపెట్టాను.

బెల్లం వేస్తే గంటన్నరలో దగ్గరపడేది. వేయకపోతే పొద్దంతా ఉడకాలి. దానికి పొట్టు పొయ్యి బాగా పనికొస్తుంది. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కింది రంధ్రంలో ఒక కట్టె పెట్టి, చుట్టూ కోత మిషన్ నుంచి తెచ్చిన రంపపు పొట్టు దట్టంగా కూరతాము. సీసా, కట్టె మెల్లగా లాగేస్తే లోపల దారి పడుతుంది. కింద నిప్పు పెడితే మంట లేవకుండా పొట్టు కొంచెం కొంచెంగా రాజుకుంటుంది. పొద్దున ముట్టించి గుజ్జు గిన్నె దాని మీద పెట్టి, మూత ఓరగా వేసి, నేను మార్కెట్‌కు పోయేదాన్ని. మధ్యాహ్నం సరోజ బడి నుంచి వచ్చి ఒకసారి అడుగు నుంచి కలిపేది. సాయంత్రం నేను వచ్చేసరికి గిన్నెడు గుజ్జు సగం కంటే తక్కువయ్యేది. గరిటెతో అడుగు మీద గీత గీస్తే ఆ గీత పూడకూడదు. అప్పుడు దించాలి. రంగు ఎర్రమట్టిలా మారేది. నలభై పండ్లకు ఒక పాలపొడి డబ్బా నిండేది. వెన్నలాగా రొట్టె మీద రాసుకుంటే చాలు, కూర అక్కర లేదు.

పైగా తియ్యగా ఉండేది. "బెల్లం వేసిన దానికంటే గిదే తియ్యగున్నదమ్మా" అన్నది సరోజ. ఒక్క పలుకు చక్కెర లేకుండా ఇంత తీపి చేశానని నాకు గర్వంగా ఉండేది.

రెండు నెలలు గడిచాయి. చెప్పులో గులకరాయి దూరింది, సాయంత్రం దాకా అట్లనే నడిచాను. బొటనవేలి కింద బొబ్బ లేచి పగిలింది. నొప్పి లేదు కాబట్టి పసుపు పెట్టి ఊరుకున్నాను. వారానికి వాసన వచ్చింది. దవాఖానకు పోతే మళ్లీ మూత్రం కాచారు. ఈసారి ఇటుక ఎరుపు.

డాక్టరు చీటీ మీదికి చూస్తూ అడిగాడు. "చక్కెర తింటున్నవా?"

"లేదు సారూ."

"బెల్లం చాయ తాగుతవా?"

"చప్పటి చాయ తాగుతాన."

"పెండ్లిళ్లల్ల లడ్డూ గిట్ల?"

"ముండమోసినదాన్ని, నన్ను పెండ్లిళ్లకు ఎవరు పిలుస్తరు సారూ?"

ఆయన నవ్వలేదు. "అందరూ తింటలేమనే అంటరు. మూత్రం అబద్ధం ఆడదు" అన్నాడు. "రెండు వారాలు చూస్తా. షుగర్ దిగకపోతే ఈ వేలు తీసేయాలె. గాంగ్రీన్, అంటే కుళ్లు, పైకి పాకితే పాదం."

చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాశాడు. బయటికి వచ్చాక సరోజ చదివింది. 'నాట్ ఫాలోయింగ్ డైట్' అని ఉందట. అంటే పథ్యం ఉండటం లేదని. నేను అబద్ధాలకోరునని రాసినట్టే. నాకు పాదం సంగతి కంటే ముందు ఆ మాట తగిలింది. పాదం సంగతి ఇంటికి వచ్చాక తగిలింది. మైళ్లు నడిచి పండ్లు అమ్మేదాన్ని, నాకు ఉన్న ఆస్తి రెండు కాళ్లే.

కాబట్టి పథ్యం ఇంకా గట్టిగా చేశాను. అన్నం పూర్తిగా మానేశాను. ఆకలి వేసేది. ఆకలేసినప్పుడల్లా రొట్టె, జామముద్ద. మూడు రోజులు వచ్చే డబ్బా రెండు రోజులకే అయిపోయింది.

డ్రెస్సింగ్ గది ముందు బెంచీ మీద నాతోపాటు ఖాసీం సాబ్ కూర్చునేవాడు. మిల్లులో మగ్గం నడిపి రిటైరైనవాడు. ఆయనకూ షుగరే, మడమకు పుండు. తీపి లేక నోరు చచ్చిపోయిందని రోజూ అనేవాడు. ఆయనకు చిన్న డబ్బాలో జామముద్ద పట్టుకుపోయి ఇచ్చాను.

"చక్కెర లేదు సాబ్, ఫికర్ లేకుంట తిను."

వేలితో తీసి నాకి కళ్లు మూసుకున్నాడు. "బెహన్, గిది జన్నత్‌ల వండిన్రా, నీ ఇంట్లనా?"

రెండు వారాలయ్యాయి. మూత్రం ఇంకా ఎర్రగా వచ్చింది. వేలి కొన నల్లబడింది. డాక్టరు అడ్మిట్ కమ్మన్నాడు. "ఇంక అడుగుడు లేదమ్మా, నువ్వు చెప్పవు, నేను నమ్మను" అన్నాడు.

నేను అడ్మిట్ కాలేదు. ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున నా రొట్టె గుడ్డలో కట్టుకొని, జామముద్ద డబ్బా చంకలో పెట్టుకొని పోయాను. డాక్టరు ఇంకా రాలేదు. ల్యాబ్ కిటికీ దగ్గరికి పోయి ఆ పెద్దమనిషి ముందర డబ్బా టప్పున పెట్టాను.

"ఇగో, నేను తినేది గిదే. నా బిడ్డ మీద ఒట్టు. ఒక్క పలుకు చక్కెర గాని, ఒక్క ముక్క బెల్లం గాని ఉంటే నా కాలు మీరే కోసి కుక్కలకేయుండ్రి."

ఆయన మూత తీసి వాసన చూశాడు. "ఏందక్కా ఇది?"

"జాంపండు. వట్టి జాంపండు. పొద్దంత పొట్టు పొయ్యి మీద ఉడికిస్త."

ఆయన పుల్లతో చిటికెడు తీసి గాజు గొట్టంలో నీళ్లలో కలిపాడు. నీలం మందు పోశాడు. దీపం ముట్టించి గొట్టాన్ని నాకు కనబడేటట్టు పట్టుకున్నాడు. నీలం, ఆకుపచ్చ, పసుపు. అక్కడ ఆగుతుందనుకున్నాను. నారింజ కూడా దాటింది. నా మూత్రం కంటే ఎర్రగా వచ్చింది. కొత్త ఇటుకలా.

"నువ్వెయ్యలేదక్కా" అన్నాడు. "నిజమే చెప్పినవ్. చెట్టు ఏసింది."

నాకు చదువు రాదు గానీ రంగులు తెలుసు. పండు రంగు చూసి పండిందో లేదో చెప్పి బతికినదాన్ని.

డాక్టరు సారు వచ్చాక ఆయనే అంతా చెప్పాడు. డాక్టరు డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికి ఎన్ని పండ్లు పడతయమ్మా?"

"నలభై."

"ఎన్నాళ్లకు ఒడుస్తది?"

"ముందుగాల మూడు దినాలు. ఇప్పుడు రెండు."

"అంటే రోజుకు ఇరవై. కూసోని ఇరవై పండ్లు కొరికి తినుమంటే తింటవా?"

"ఇరవై ఎవరు తింటరు సారూ? కడుపు పలుగుతది."

"తిన్నవ్ గద."

ఆయనే డబ్బా బల్ల మీద పెట్టి అన్నాడు. "ఒక పండు తింటే ఏం కాదు. నువ్వు నీళ్లు ఇంకగొట్టి ఇరవై పండ్లు గరిటెలకు ఎక్కించినవ్. నాదీ ఉన్నది తప్పు. స్వీట్ల గురించి అడిగిన గానీ, రొట్టెల ఏం నంజుకుంటవని అడగలే." పాత చీటీ తీసి ఆ ఇంగ్లీషు మాట మీద గీత కొట్టాడు. వేలు మాత్రం అప్పటికే పోయినట్టే.

నాలుగో రోజు బొటనవేలు తీసేశారు. పాదం మిగిలింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇరవై రెండు రోజులు మంచం మీద ఉన్నాను.

మంచం మీద ఉన్నంతసేపూ ఖాసీం సాబ్ గుర్తుకు వచ్చాడు. నా వేలు నా తప్పుతో పోయింది. ఆయన మడమ నా చేతితో పోతే? డ్రెస్సింగ్ రోజున సరోజను బెంచీ దగ్గరికి పంపాను. ఆయనే వార్డులోకి వచ్చాడు, కర్ర పట్టుకొని.

"సాబ్, ఆ డబ్బా పారెయ్. అండ్ల చక్కెర ఉన్నది" అన్నాను.

"అరె, జర ఆగు బెహన్. డబ్బా ఇంక సగమున్నది. జుమ్మా జుమ్మాకు, శుక్రారం నాడు, ఒక్క చెంచా తింటున్న. ఒడిస్తే మళ్ల ఎవరిస్తరని దాచుకున్న. నా టెస్టు నీలమొచ్చింది." నా కాలి కట్టును చూసి అన్నాడు, "నా పిసినారితనం నన్ను కాపాడింది తియ్."

ఇంటికి వచ్చాక కూడా తేలిక కాలేదు. పుండు రెండుసార్లు మూసుకొని మళ్లీ తెరుచుకుంది. ఇన్సులిన్ సీసాను తడి ఇసుకలో చిన్న కుండ పెట్టి అందులో ఉంచేవాళ్లం. గాజు సిరంజి సరోజ రోజూ ఉడకబెట్టేది. ఒకరోజు సూది వేసుకొని తిండి ఆలస్యం చేశాను. మార్కెట్‌లో చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. లచ్చవ్వ అరటిపండు ఒలిచి నోట్లో కుక్కింది. "తినవే, నీ పాడుగాను, సచ్చి నా పండ్ల మీద పడకు" అన్నది. దాన్ని లో షుగర్ అంటారని, అప్పుడు తీపే మందని తర్వాత డాక్టరు చెప్పాడు. పండు మీద నాకు కోపం ఆ రోజుతో పోయింది.

ఇది జరిగి ఏడేళ్లు. ఇప్పుడు వీధులు తిరిగి అమ్మడం లేదు. ఒకేచోట స్టూలు వేసుకొని కూర్చుంటాను. కాళ్లకు మగవాళ్ల కాన్వాస్ బూట్లు వేసుకుంటాను, చీర కింద. "పోలీసమ్మ వస్తాంది, తక్కెళ్లు సరిజేసుకోండ్రి" అని లచ్చవ్వ ఇప్పటికీ అరుస్తుంది. రాయి ఉందేమో చూడటానికి రోజూ బూటు దులిపి చేయి పెట్టి తడుముతాను. నీలం మందు ఇంట్లోనే ఉంది, సరోజ కాచి చూస్తుంది. ఎక్కువ రోజులు నీలం, ఒక్కోసారి ఆకుపచ్చ.

జామముద్ద ఇప్పటికీ చేస్తాను. మూడు రోజులకు ఒక చిన్న చెంచా తింటాను. అందులో ఒక పండు ఉందని తెలిసి తింటాను, ఆ పూట రొట్టె తగ్గిస్తాను. నన్ను చూసి మీరు అలా తినవద్దు, ఎవరి రోగం వారిది. మీరు చేయవలసింది ఒకటే. దవాఖానకు పోయేటప్పుడు చీటీతోపాటు మీరు రోజూ తినేది గిన్నెతో సహా పట్టుకుపోండి. డాక్టరు అడగకపోయినా ముందర పెట్టండి. రోజుకు ఎంత తింటారో గరిటె లెక్కన చెప్పండి. నేను కొట్లాడటానికి పట్టుకుపోయాను. మీరు అడగడానికి పట్టుకుపోండి, పది వేళ్లూ ఉండగానే.