అప్పలనర్సమ్మత్త కుర్చీ

నైలాన్ పట్టీని మరీ బిగించి లాగితే అల్యూమినియం గొట్టం కిర్రుమంటుంది. ఈ ఉదయం మేడ మీద పాత మడత కుర్చీకి పట్టీలు మారుస్తుంటే ఆ చప్పుడు వినబడి, నా చెయ్యి దానంతటదే సడలింది. తిట్టే మనిషి లేదు గానీ తిట్టు మాత్రం వినబడింది.

అది కంచరపాలెంలో మా పక్కింటి అప్పలనర్సమ్మత్త తిట్టు. నవారు మంచాలు అల్లడంలో ఆవిడకు పేరు. ఓడల మీద ఎండకూ ఉప్పుగాలికీ పట్టీలు తెగిన కుర్చీలు పాతసామాను కొట్లకు దిగితే, అవీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. పోర్టులో డ్యూటీ దిగాక నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణి. మొదటి కుర్చీని మంచంలాగే కాలు తన్నిపెట్టి బలంకొద్దీ లాగాను. గొట్టం లోపలికి వంగింది, కుర్చీ మడతపడటం మానేసింది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచం కర్ర తన్నినా ఊరుకుంటాది అల్లుడూ. ఇది ఊరుకోదు. లాగీసినాక కొంచెం వొదిలీ."

ఆ కొంచెం ఎంతో నా చేతికి తెలిసేసరికి ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో వంకరపోయాయి. అప్పుడే, సాయంత్రాలు వీధిలో వేసుకు కూర్చునే ఆవిడ సొంత కుర్చీ తెగింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. చాప మీదైనా కూర్చుంది గానీ ఇవ్వలేదు. చివరికి ఓ ఆదివారం దాన్ని నా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

అల్లాను. అల్లినవాడే అందరి ముందూ మొదట కూర్చోవాలని ఆవిడ కట్టడి. పడితే వాడే పడాలి. నేను కూర్చుంటుంటే కంచరపాలెమంతా కదిలొచ్చిందనీ, గూడ్సు బండి కూడా ఆగి చూసిందనీ మనవలకు చెబుతుంటాను. వచ్చింది నలుగురూ, ఓ మేకా. బండి సిగ్నల్ లేక ఆగింది. కుర్చీ నిలిచిన మాట మాత్రం నిజం.

తర్వాత అత్త కూర్చుంది. వెన్ను ఆనించి చూసుకుంది. బాగుందనలేదు, బాగులేదనలేదు. అంతలో ద్వారకా నగర్ నుంచి వచ్చిన ఆవిడ చుట్టం కొత్త పట్టీలు తడిమి, ఎవరల్లారని అడిగాడు.

"ఏటలాగ అడుగుతన్నావ్? నాను కాక ఇంకెవులు అల్లుతారు?"

ఆ వేళ్లలో టీ గ్లాసు కూడా నిలవదని వీధికంతటికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. పోర్టువాళ్లు నాకు శాలువాలు కప్పారు. సరే, ఒక్కటే, రిటైరైన రోజు అందరికీ కప్పేదే. అప్పుడు కూడా నా ఛాతీ ఆ సాయంత్రమంత పొంగలేదు.

ఇవాళ పట్టీ కొంచెం వదిలి, మర బిగించి, ముందు నేనే కూర్చున్నాను. తర్వాత పక్కింటాయన వచ్చి అందులో వెనక్కి వాలి, భలే అమిరింది, ఎవరల్లారండీ అన్నాడు.

అప్పలనర్సమ్మత్త అన్నాను. ఇందులో నేను కలిపి చెప్పిందేమీ లేదు.