పొంగణాల పెనంలో సీసం

పొద్దున పార్కులో కూర్చునే వాళ్లకు, ఈ వయసులో యాభై కిలోల సీసం ఇంట్లోనే కరిగించి దిమ్మెలు పోశానని చెప్పి ఉన్నాను. యాభై కాదు. మూడు కిలోలు కూడా ఉండదు. దిమ్మెలు పద్నాలుగు. అందులో రెండు పుచ్చిపోయినట్టు వచ్చాయి.

మనలి రోడ్డులో టైర్ల షాపులో ముప్పై ఏళ్లు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశాను. తూకం సరిపోవడానికి చక్రం అంచుకు కొట్టే సీసం ముక్కల్లో ఊడదీసిన పాతవాటిని జేబులో వేసుకొచ్చి, మెట్ల కింద డబ్బాలో పడేసేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఎన్నూరులో వల వేసే నా పాత స్నేహితుడు ఒకరోజు డబ్బాను చూసి, "దిమ్మెలు పోసియ్యన్నా, వల మునిగేదానికి గుండ్లు కొట్టుకుంటా" అన్నాడు. నన్ను ఒకరు పని అడిగి చాలాకాలమైంది.

నా భార్య చెల్లెలింటికి పోయిన రోజు చూసుకొని, మిద్దె మీద కుంపటి రాజేశాను. సీసం కరిగింది. పోయడానికి అచ్చు లేదు. వంటింట్లో మేకుకు తగిలించి ఉంది గుంత పొంగణాల పెనం, ఏడు గుంతలది, మా అత్తగారు ఇచ్చినది. రెండు వాయిలు పోశాను. చల్లారాక బోర్లిస్తే టక్కున ఊడి పడ్డాయి, అచ్చం పొంగణాల మాదిరి. తర్వాత పెనాన్ని బూడిద పెట్టి తోమి, ఎక్కడిదక్కడ తగిలించాను.

మరుసటి పొద్దున, సెలవులకు వచ్చి ఉన్న మా కూతురి బిడ్డ పొంగణాలు కావాలంది. నా భార్య పెనం దించి వెలుతురులో తిప్పి చూసింది.

"ఏందయ్యా, ఇట్ట మెరుస్తా ఉండాది? నువ్వా తోమింది?"

"ఊఁ."

"చూసినావా పాపా, నలబై ఏండ్లకి మీ తాత ఒక గిన్నె తోమినాడు. ఈపొద్దు వాన వస్తాది."

ఆ మాటలో ఎగతాళి ఉంది గానీ, ముఖంలో సంతోషమే ఉంది. అక్కడే నోరు తెరిచి చెప్పేశానని, ఇది రాసేటప్పుడు మొదట రాశాను. ఆ కాగితం చింపేశాను. చెప్పలేదు. ఆమె నూనె వేసింది, పిండి పోసింది. ఏడూ పొంగాయి.

"దోసె పోసియ్యి, పొంగణాలు నాకు వాయువు చేస్తాయి" అన్నాను.

"నీకెవురు పెడతా ఉండారు? పాపకి పోస్తా ఉండా."

మొదటిది తీసి పళ్లెంలో పెట్టింది. "శూడుగా ఉండాది అవ్వా" అని పాప ఆ వేడి పొంగణాన్ని రెండు వేళ్లతో పట్టుకొని ఊదింది. నోటి దాకా తీసుకుపోయింది. అప్పుడు లాక్కున్నాను.

"తినొద్దు. ఆ పెనంలో సీసం పోసినా."

పాప ఏడుపు మొదలుపెట్టింది. నా భార్య స్టవ్ ఆపింది.

"కడిగితే పోదా?"

"పోదు."

"నీకు ముందే తెలుసునా?"

షాపులో సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడగందే టీ గ్లాసు ముట్టనిచ్చేవాళ్లు కాదు. ముప్పై ఏళ్లు.

"తెలుసు" అన్నాను.

నా భార్య మిగిలిన పిండిని పారబోసి, పాప చేతులు రెండుసార్లు కడిగి, తన తల్లి ఇచ్చిన పెనాన్ని పేపర్లో చుట్టి నా ముందు పెట్టింది. అది ఇప్పుడు మెట్ల కింద, సీసం డబ్బా పక్కన ఉంది. ఇంకొన్ని పోసియ్యమని స్నేహితుడు ఫోన్ చేస్తున్నాడు. నాకు ఓపిక లేదని చెప్పాను. అది మాత్రం నిజమే.

పాప వాళ్లింటికి పోయింది. నా భార్య స్టవ్ మీద ఏది పెట్టాలన్నా ముందు తెచ్చి చూపిస్తుంది. మొదట్లో ఎకసెక్కానికి అనుకున్నాను. నిన్న పాలగిన్నె పట్టుకొని వచ్చి నిలబడింది.

"ఇది?"

"దాన్ని నేను ముట్టలేదు."

నా ముఖం కాసేపు చూసి, లోపలికి పోయి, దాన్ని మళ్లీ కడిగింది.