ఎడమ చక్రం దగ్గర పసుపు గీత

ఇనగాకి తొకుజి గ్యాసు కట్టేశాక దాని వైపు వేలు చూపేవాడు. తలుపు గడియకి వేలు, గుమ్మంలో చెప్పుల జతకి వేలు, మందుల డబ్బాకి వేలు. చూపిన ప్రతిసారీ పెదవులు కదిలేవి గానీ శబ్దం వచ్చేది కాదు. ఆయన భార్య ఫుసయె ఈ సంగతి వీధంతా చెప్పుకుని నవ్వేది. "మా ఆయన ఇంట్లో వేలు చూపనిది నా ఒక్కదాని వైపే. నేను సరిగ్గా బిగిసి ఉన్నానో లేదో ఇంకా తేల్చుకోలేదు కాబోలు."

జపానులోని ఆ సుజుకా ఊళ్ళో వేలు చూపడం వింతేం కాదు. రైలు నడిపేవాడి దగ్గర్నుంచి కర్మాగారంలో ఊడ్చేవాడి దాకా పని ముగించాక వేలు చూపి "యోషీ!" అని అరుస్తారు. సరిగ్గా ఉంది అని అర్థం. నోరు మూసుకుని చూపడమే వింత. ముప్పై నాలుగేళ్లుగా ఇనగాకి ఆ మాట పైకి అనలేదు.

ఆయన అసలు పని టీ ఆకు దాచుకునే రేకు డబ్బాలు చేయడం. మూత పెడితే గాలి కూడా దారి వెతుక్కోవాలి, అంత ఒద్దికైన చెయ్యి. ఆ చెయ్యి చూసే తాతెమాత్సు మేస్త్రీ ఆయన్ని తన షెడ్డుకి తెచ్చుకున్నాడు. మేస్త్రీకి ఒక పిచ్చి ఉండేది. కూరగాయలు తెచ్చుకునే బుల్లి కారు ఇంజనుని వెనకాల పెట్టి, ఒక్కడే పట్టే పందెం బండి చేయాలని. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో నలుగురు కలిస్తే ఇద్దరికి ఆ పిచ్చే.

మొదటి బండి స్నానాల తొట్టికి చక్రాలు తగిలించినట్టుండేది. పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చింది. రెండోది వేగంగానే పోయేది గానీ మలుపు తిరగనని మొండికేసేది. నాలుగు పందేల్లో మూడుసార్లు గడ్డిలోకి పోయింది. మూడోదానికి ఇనగాకి అల్యూమినియం రేకుని టీ డబ్బా అంత సున్నితంగా వంచి ఒళ్లు చేశాడు. వెనక చక్రాల్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతుల్ని మేస్త్రీ ఏడుసార్లు కోసి ఏడుసార్లు అతికాడు. ఆ బండి మొదటి ఏడాది మూడో స్థానం తెచ్చింది, రెండో ఏడాది రెండు పందేలు గెలిచింది. నడిపినవాడు మిజుతాని సోహెయ్. ఇరవై ఆరేళ్లవాడు, వాళ్ళమ్మకి ఒక్కడే కొడుకు, నోరు ఊరుకోదు.

షెడ్డులో పద్ధతి ఒకటే. నట్టు బిగించాలి. నట్టు మీంచి పక్క రేకు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగి కనబడుతుంది. అప్పుడు వేలు చూపి "యోషీ" అనాలి, సీట్లో ఉన్నవాడు తిరిగి "యోషీ" అనేదాకా వేలు దించకూడదు. గీతలు గీసే పని ఇనగాకిది. మేస్త్రీ గీస్తే గీత బొటనవేలంత లావయ్యేది, రంగు కన్నీటి చుక్కలా కిందికి కారేది. "నువ్వే గియ్యవయ్యా. నేను గీస్తే బండి ఏడ్చినట్టుంటుంది," అనేవాడు.

మూడో ఏడాది మే నెలలో, పందెం ఉదయాన, ఊరి పత్రిక నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. అప్పటికి ఎడమ వెనక చక్రం నట్టొక్కటే మిగిలింది. ఇనగాకి దాన్ని చేత్తో తిప్పి ఎక్కించాడు, పానా ఇంకా పెట్టలేదు.

"అన్నగారూ, ఆ వేలు చూపేది కావాలి నాకు. ముందా గీత గీసెయ్యండి, ఎండ మబ్బులోకి పోతోంది."

ఇనగాకి కుంచె ముంచాడు. గీత గీశాడు. తడి చేత్తో జుట్టు దువ్వుకున్నాడు కూడా, అది ఆయన ఎవరికీ చెప్పని సంగతి. వేలు చాచి "యోషీ!" అన్నాడు.

"యోషీ!" అన్నాడు సీట్లోంచి మిజుతాని. "ఇనగాకి అన్నా, ఫోటోలో నాకన్నా అందంగా పడ్డావో, మాటల్లేవు మన మధ్య."

మూడు ఫోటోలు తీశారు. అంతలో బండ్లని పందెం మొదలయ్యే చోటికి రమ్మని మైకులో పిలిచారు. హడావిడి, తోపులాట. ఏడో చుట్టులో, చెంచా మలుపు అని పిలిచే చోట, బండి వెనక్కి తిరిగి గట్టు ఎక్కి బోర్లా పడింది. మిజుతాని రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు.

ఫోటో తీశాక పానా పెట్టాడా, లేదా? ఇనగాకికి గుర్తులేదు. గుర్తు చేసుకోబోతే దువ్వుకున్న జుట్టే గుర్తొచ్చేది.

వారం తిరక్కుండా ఒక లెక్క మాత్రం తేల్చుకున్నాడు. అందరికీ గీత తిన్నగా ఉంటే మేలు. తనకి మాత్రం తిన్నగా ఉంటే కీడు. ఫోటో కోసం ముందే గీశాడు కదా, ఆ తర్వాత బిగించి ఉంటే నట్టు మీది ముక్క బిగింపు వైపుకి జరిగి ఉండాలి. జరక్కపోతే బిగించలేదు. తేల్చుకోవడానికి ఒక్క చూపు చాలు.

ఆ చూపు పది అడుగుల దూరంలోనే ఉండేది. నుజ్జయిన బండిని మేస్త్రీ షెడ్డు వెనక మూలకి లాగించి, మీద ఆకుపచ్చ పట్టా కప్పించాడు. ఇక పందెం బండ్లు చేయలేదు. టీ ఆకు కోసే యంత్రాలు బాగుచేసుకుంటూ బతికారు. ఆ షెడ్డులో ఇనగాకి ఇంకో పదకొండేళ్లు పనిచేశాడు. పట్టా ఎత్తలేదు. వానాకాలం దాని మీద బూజు పట్టేది, చలికాలం గాలికి ఒక అంచు లేచి పడేది. ఆ చప్పుడు ఆయనకి ఎవరో సీట్లోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నట్టు వినిపించేది.

ఒకసారి టీ తాగుతూ నోరు విప్పాడు. "మేస్త్రీ గారూ, ఆ బండి..."

"టీ చల్లారిపోతోంది," అన్నాడు మేస్త్రీ, కప్పులోకే చూస్తూ. అంతే.

మిజుతాని తల్లికి చెప్పేద్దామని మొదటి సంవత్సరీకానికి వెళ్ళాడు. మోకాళ్ల మీద కూర్చుని, గంటసేపు బౌద్ధ మంత్రాలు విని, ఇప్పుడు చెప్పాలని లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. రెండడుగులు వేసి కాగితపు తలుపులోంచి అవతలి గదిలోకి పడ్డాడు. చచ్చిపోయిన కుర్రాడి మేనత్తలు నోళ్లకి చేతులడ్డం పెట్టుకున్నారు. తల్లయితే ఏడాదిలో మొదటిసారి నవ్వింది. "మావాడు ఉంటే ఇది పదేళ్లు చెప్పుకునేవాడు నాయనా," అంది, కమలాపళ్లు సంచీలో పోసి ఇచ్చింది. నవ్విన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? పళ్లు ఇంట్లో కుళ్లిపోయాయి.

ఇంట్లో ఇంకొకటి ఉండేది. పత్రికలో పడ్డ ఫోటోని ఫుసయె ముచ్చటపడి అద్దం కట్టించి భోజనాల గదిలో తగిలించింది. వేలు చాచిన తను, పక్కన పసుపు గీత. ఇనగాకి ముప్పై నాలుగేళ్లు దానికి వీపు పెట్టి అన్నం తిన్నాడు.

మేస్త్రీ పోయాక చాలా ఏళ్లకి ఆయన భార్య ఆ బండిని హమగుచి చిజురు అనే ఆవిడకి ఇచ్చేసింది. పాత పందెం బండ్లకి ప్రాణం పోయడం హమగుచి పని. ఆవిడ ఫోను చేసింది.

"ఎడమ వెనక చక్రం నట్టు రానంటోందండీ. కట్టింది మీరేనట కదా, ఒకసారి వస్తారా?"

ఇనగాకి అడిగాడు. "దాని మీద గీత ఉందా?"

"మట్టి ఉంది. ఇంకా కడగలేదు."

"కడక్కండి. వస్తున్నా."

ఫుసయె ఊరగాయ ముల్లంగి కట్టిచ్చింది. బస్సులో ఆ పొట్లం వాసనకి పక్క సీటాయన లేచి నిలబడ్డాడు, ఇనగాకి గమనించలేదు.

బండి ఆయన అనుకున్నంత పెద్దది కాదు. ఇన్నేళ్లూ పట్టా కింద అది ఆయన తలపుల్లోనే పెరిగింది. వంగి, కిరోసిన్ గుడ్డతో ముందు రేకు తుడిచాడు. సన్నటి గీత, తన గీత. తర్వాత నట్టు తుడిచాడు. గీత అక్కడ కలవలేదు. నట్టు మీది ముక్క పావు చుట్టు ముందుకి, బిగింపు వైపుకి, జరిగిపోయి ఉంది.

బిగించే ఉంది!

ఒక్క ఊపిరి సేపు సంతోషంగా ఉన్నాడు. ఇంకాస్త తుడిచేసరికి రెండో గీత బయటపడింది. బొటనవేలంత లావు. కింద కన్నీటి చుక్కలా కారి ఎండిపోయిన రంగు.

"ఇదెవరు గీశారండీ? తాగి గీసినట్టుంది," అంది హమగుచి.

"మా మేస్త్రీ."

"మీరు బిగించాక మళ్ళీ సరిచూశారన్నమాట."

"నేను బిగించలేదు. బిగించి ఉంటే ఈ గీత కూడా నేనే గీసేవాణ్ణి. మర్చిపోయా."

ముప్పై నాలుగేళ్ల మాట అంత తేలిగ్గా బయటికొచ్చింది. హమగుచి "ఓహో" అని, పానాకి పొడవాటి గొట్టం తొడిగే పనిలో పడింది.

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పత్రికవాడి ముందు, కుర్రాడి ముందు, మేస్త్రీ తనని చిన్నబుచ్చదలచలేదు. తను అటు తిరిగాక వచ్చి బిగించి, గీత గీసి వెళ్లిపోయాడు. నోరెత్తలేదు. ఆ తర్వాత బండి బోర్లాపడింది. ఆ నట్టు మీద ఆఖరి చెయ్యి మేస్త్రీది. ఎక్కువ బిగించి బోల్టు మర తెంపానా అని ఆ మనిషి ఎన్నిసార్లు అడుక్కున్నాడో! పట్టా ఎత్తడానికి భయపడింది ఒక్కడు కాదు. పదకొండేళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పట్టాకి చెరోవైపు భయపడుతూ, టీ చల్లారనిచ్చారు.

హమగుచి గొట్టం మీద వేలాడితే నట్టు కీచుమని కదిలింది. బోల్టు బయటికి తీసి ఎండలో తిప్పింది. "మర బంగారంలా ఉంది. ఇది తెగలేదు, వదులవ్వలేదు. ఈ చక్రం చెయ్యి వంగింది గట్టుకి గుద్దుకున్నాకే."

"మరి ఎందుకు పడ్డట్టు?"

"బండి చెప్పదండీ అన్నీ."

"ఆ లావు గీత చెరపకండి," అన్నాడు ఇనగాకి.

తిరుగు బస్సులో ఇంటికి మూడు స్టాపుల ముందే, గుడి దగ్గర దిగాడు. మేస్త్రీ సమాధి రాయి మీద నీళ్లు పోశాడు. ఊరగాయ పొట్లం ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుని, దాన్నే రాయి ముందు పెట్టాడు. చుట్టూ ఓసారి చూసి, నిటారుగా నిలబడి, రాయి మీద చెక్కిన పేరుకి వేలు చూపాడు.

"యోషీ!"

అంత గట్టిగా వస్తుందని ఆయనకే తెలీదు. నాలుగు వరసల అవతల పూలు మారుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఉలిక్కిపడి తిరిగారు. ఇనగాకి చెవులు ఎర్రబడ్డాయి. చాచిన వేలిని మెల్లగా పక్కకి జరిపి, అక్కడెక్కడో కాకి ఉన్నట్టు ఆకాశంలోకి చూపాడు. వాళ్లు కూడా పాపం, ఆకాశంలోకి చూశారు.

వాళ్లు మళ్ళీ పూల వైపు తిరిగాక కూడా ఆయన కదల్లేదు. వేలు దించలేదు. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా దించకూడదు. అది షెడ్డు పద్ధతి.