లాగేవి ముందు చక్రాలే

ఆ రోజుల్లో నా దృష్టిలో మనుషులు రెండు రకాలు: కొలిచి చెప్పేవారు, తోచింది చెప్పేవారు. మొదటి రకంలో నేనొక్కడినే ఉండేవాణ్ని. పాలు పొంగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో, మదనపల్లెలో బయలుదేరిన బస్సు పుంగనూరుకు ఏ వారం ఎంత ఆలస్యంగా చేరిందో నా నీలం అట్ట నోటుబుక్కులో నమోదై ఉండేది. (ఆ పుస్తకాలు నేటికీ నా బీరువాలో ఉన్నాయి, మొత్తం నలభై ఒకటి. పదిహేడోదాన్ని చెదలు తిన్నాయి కనుక ఆ ఏడు నెలల గురించి నేను ఏ విషయమూ ఖచ్చితంగా చెప్పలేను.) పాతికేళ్ల కిందటి ఈ సంగతి తొమ్మిదో పుస్తకం, ముప్పై ఆరో పుటలో మొదలవుతుంది. నేను కేవలం జ్ఞాపకశక్తి మీద ఆధారపడి రాయడం లేదని పాఠకులు గమనించగలరు.

మా మేనమామకు మదనపల్లె శివార్లలో టమోటా నారు పెంచే నర్సరీ ఉండేది. డిగ్రీ ముగించుకుని ఖాళీగా ఉన్న నన్ను పిలిచి, కుప్పం వైపు రైతులకు నారు చేరవేసే పని అప్పగించాడు. అందుకు ఒక పాత పికప్ వ్యాను, దానికి ఒక డ్రైవరు ఉన్నారు. వ్యాను ఇంజను బలం రెండు చక్రాలకే అందే రకం. నాలుగు చక్రాలూ తిరిగి లాగే బండ్లు మా స్తోమతకు మించినవి. డ్రైవరు మాట బలం దానికంటే తక్కువ. రోజుకు సగటున పదకొండు మాటలు మాట్లాడేవాడు (వారం రోజులు లెక్కపెట్టి తీసిన సగటు ఇది). అందుకే నర్సరీలో అందరూ ఆయన్ను సైలెన్సర్ అనేవారు. పిలిస్తే పలికేవాడు, అడిగితే చెప్పేవాడు. అంతకు మించి ఒక్క అక్షరం ఖర్చు చేసేవాడు కాదు.

ఆ సంవత్సరం జూలైలో మా వ్యాను గుడుపల్లె దగ్గరి మట్టిదారిలో రెండుసార్లు దిగబడింది. రెండోసారి ట్రాక్టరు దొరికి బయటపడేసరికి నారు వడలి, ట్రేలలోనే కుళ్లిపోయింది. ఆ నారు కోసం మడి తయారుచేసుకుని ఎదురుచూసిన ఆసామి ఒక ఆడమనిషి. భర్త బెంగళూరులో కూలికి పోతే ఎకరన్నర పొలాన్ని ఒంటిచేత్తో చూసుకునేది. మేమందరం ఆమెను గుడుపల్లె అక్క అనేవాళ్లం. ఆమె నర్సరీకి ఫోను చేసి మామతో ఆరే మాటలు మాట్లాడిందట: "ఇంగొక తూరి సూస్తానప్పా. రాకపోతే రాగి సల్లుకుంటా."

మామ నన్ను పిలిచాడు. "ఇదో, సెప్తాండా ఇను. ఆయమ్మ ఇడిసిపెడితే ఆ దోవలో ఉండే పదైదు మందీ ఇడిసిపెడతారు. వ్యాను మడి గట్టు దాకా పోవాల. పోలేదంటే కుప్పం లైను మూసేస్తా, నువ్వు షెడ్డులో కూసోని ఇత్తనాలు లెక్కపెట్టుకో. రెండు టైర్లు కొనిస్తా. ఏ టైర్లో నువ్వే సూడు, లెక్కలోడివి కదా." షెడ్డులో విత్తనాలు లెక్కపెట్టడం నా స్వభావానికి సరిగ్గా సరిపోయే పనేనని ఇప్పుడు తోస్తుంది గాని, అప్పుడు మాత్రం అది నాకు ఉరిశిక్షలా వినిపించింది. ఈ టైర్ల ఎంపిక లోకంలో ఎవరూ చేయనంత పకడ్బందీగా చేసి తీరాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

తొమ్మిది రోజులు పట్టింది. ముందుగా దారిని కొలిచాను: నర్సరీ నుండి గుడుపల్లె వరకు నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు తారు రోడ్డు, చివర నాలుగు కిలోమీటర్ల బురద. నున్నటి రోడ్డు టైర్లయితే ఆ నాలుగింటిలో ముంచుతాయి. కేవలం బురదకోసం చేసిన లోతుపళ్ల టైర్లయితే మిగిలిన నూట ముప్పైలో హోరెత్తించి, డీజిలు తాగి, త్వరగా అరిగిపోతాయి. కనుక ఈ రెండింటికీ నడుమ ఉండే, తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లే మా దారికి తగినవి. ఈ నిర్ణయంలో ఏ లోపమూ లేదని నేటికీ నా అభిప్రాయం. మదనపల్లెలో రెండు దుకాణాలు, పుంగనూరులో ఒకటి తిరిగాను. నా వెంట స్కూలు రోజుల నాటి జామెట్రీ బాక్సు ఉండేది. డివైడరు ముల్లును టైరు గాడిలో దించి, స్కేలు మీద పెట్టి లోతు రాసుకునేవాణ్ని. మోయగల బరువుకు టైరు పక్కన అచ్చువేసిన అంకె, పక్కగోడ మందం, చివరకు టైరు ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారైందో చెప్పే నాలుగంకెలు కూడా వదల్లేదు.

పుంగనూరు దుకాణం యజమానిని ఊరంతా టైర్ల భాయ్ అనేది. నేను మూడోసారి వచ్చి, నేలమీద బోర్లా పడుకుని ఆ నాలుగంకెలు చదువుతుంటే ఆయన టీ గ్లాసు పట్టుకుని పైనుంచి చూశాడు.

"సార్, టైర్లు కొనేదానికి వచ్చినారా, పెండ్లిసూపులకు వచ్చినారా? పుట్టిన వారం కూడా రాసుకుంటాండారే!"

"ఈ రెండింటికీ మధ్య పదకొండు వారాల తేడా ఉంది. జత ఒకే వారానిది కావాలి."

"యా అల్లా! జాతకాలు కలవల్ల అంటాండాడు!" అని లోపలికి కేక వేశాడు. దుకాణంలో ఉన్న నలుగురూ బయటికి వచ్చి నన్ను చూశారు. నేను చలించలేదు. భాయ్ గొణుక్కుంటూనే గోడౌను మొత్తం వెతికి ఒకే వారంలో పుట్టిన జతను తెచ్చి నా ముందు పడేశాడు. గాడి లోతు పదకొండు మిల్లీమీటర్లు. నేను తృప్తిగా తల ఊపాను.

"ఎనక ఎయ్యల్ల కదా సార్?" అంటూ జాకీ అందుకున్నాడు.

"ముందుకు."

జాకీ చేతిలోనే ఆగింది. "ముందుకా? సార్, ఒక మాట ఇనండి..."

"భాయ్, తొమ్మిది రోజుల లెక్క ఇది. ముందుకే వేయండి." ఆయన సైలెన్సర్ వైపు చూశాడు. సైలెన్సర్ ఆకాశం వైపు చూశాడు. "మీ బండి, మీ ఇష్టం" అని భాయ్ బోల్టులు విప్పాడు.

ఇక్కడ నా తర్కాన్ని పాఠకుల ముందుంచడం న్యాయం. నేను ఎద్దులబండ్ల ఇంట్లో పుట్టినవాణ్ని. లాగేది ఎప్పుడూ ముందుంటుంది, లాగబడేది వెనకుంటుంది. ఎద్దులను బండి వెనక కట్టినవాణ్ని నేను చూడలేదు. పైగా కొత్త బండికి పూజ చేసినప్పుడు నిమ్మకాయలు పెట్టేది ముందు చక్రాల కిందనే. ఇన్ని తరాల ఆచారం ఊరికే పుడుతుందా? ఇంజను కూడా ముందే ఉంది. మూడు ఆధారాలు ఒకే దిక్కు చూపుతుంటే నాలుగోది వెతకడం అనవసరమనిపించింది. (నోటుబుక్కులో ముప్పై ఎనిమిదో పుటలో "లాగేవి ముందు చక్రాలే" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆ గీతలు స్కేలుతో గీసినవి.)

ఆగస్టు రెండో గురువారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి, నూట నలభై ట్రేల నారుతో మట్టిదారిలోకి దిగాం. రాత్రంతా వాన కురిసింది. మొదటి కిలోమీటరు సాఫీగా సాగింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ముందు చక్రాల అచ్చులు చూసి మురిసిపోయాను. బురదలో ముగ్గు వేసినంత అందంగా పడుతున్నాయి. రెండో కిలోమీటరు దాటగానే వెనక గుర్రుమని శబ్దం వచ్చి, బండి నిలిచిపోయింది. సైలెన్సర్ ఇంకాస్త తొక్కాడు. బురద ఎగిరి వెనకనున్న తుమ్మచెట్టు కొమ్మల్లో పడింది. ముందు చక్రాలు, నా ఒకే వారపు జత, కదలకుండా, నిర్మలంగా నిలబడి ఉన్నాయి. తిరుగుతున్నవి వెనకవి.

నేను దిగి వెనక్కి నడిచాను. మళ్లీ ముందుకు నడిచాను. రెండు చోట్లా చూశాను.

"అన్నా, ఈ బండిలో తిరిగి లాగేవి వెనక చక్రాలా?"

"అవున్సార్."

"మరి యాల చెప్పలేదు?" (కంగారులో నా నోటినుంచి కూడా ఊరి మాటే వచ్చింది.)

"నువ్వు అడగలేదు కదా సార్. గాడి లోతు రాస్తివి, పుట్టిన వారం రాస్తివి. ఇది కూడా రాసుకునుంటావులే అనుకుంటి." ఆ రోజు సగటును ఆయన ఆ ఒక్క జవాబుతోనే దాటేశాడు.

అంతలో ఎదురుచూసి విసిగిన గుడుపల్లె అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఇద్దరు కూలీలతో వచ్చింది. బండినీ నన్నూ ఎగాదిగా చూసింది.

"కొత్త టైర్లు ఏసినామని మీ మామ ఫోన్లో అంత గొప్పగా సెప్పె. యాడుండాయప్పా?"

నేను ముందు చక్రాలు చూపించాను. ఆమె వంగి చూసి, నిటారుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందప్పా, ఎద్దులబండి అనుకుంటివా?"

తొమ్మిది రోజుల నా తర్కాన్ని ఆమె ఒక్క క్షణంలో చదివేసింది. తలవంచుకుని, నారును తట్టల్లో మోయిద్దామని ప్రతిపాదించాను. మిగిలింది రెండు కిలోమీటర్లే కదా అన్నాను.

"నెత్తిన మోసేదానికైతే నీ బండి యాల? ఈడికి బండి రాలేదంటే రేపు ఎవురన్నా నిన్ను నమ్ముతారా? బండే రావల్ల. ఇప్పు ఆ చక్రాలు."

ఆ తరువాతి గంటా పది నిమిషాలు నా జీవితంలో నేను ఏదీ రాసుకోని కొద్ది సమయాల్లో ఒకటి. జాకీ బురదలో దిగబడుతుంటే అక్క గట్టు మీద నుంచి చప్పట బండ ఒకటి దొర్లించుకొచ్చి దాని కింద పెట్టించింది. కూలీలు బండికి భుజం ఆనించారు. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాం. సైలెన్సర్ వెనక టైర్లలో గాలి కొంచెం తీశాడు. ఎంత తీశాడని నేను అడిగేలోపే అక్క నా వైపు ఒక చూపు చూసింది; నేనిక అడగలేదు. తల నుంచి పాదాల దాకా మట్టితో నేను బండి వెనక నిలబడి తోస్తుండగా, పదకొండు మిల్లీమీటర్ల ఆ గాళ్లు నేలను కరిచి పట్టుకోవడం నా అరచేతులకు తెలిసింది. వ్యాను ఒక్కసారి మూలిగి, ముందుకు కదిలి, మళ్లీ ఆగకుండా మడి గట్టు దాకా పోయింది. నేను వెనక పరిగెత్తాను. ఆ మధ్యాహ్నానికే నారు మళ్లలోకి వెళ్లింది. కుప్పం లైను మూతపడలేదు. అక్క మామకు ఫోను చేసి, "టైర్లు బాగుండాయప్పా, మీవోడే తల్లకిందులుగా ఉండాడు" అని మాత్రం అందట.

పోయిన నెల మా అమ్మాయి నన్ను పుంగనూరు తీసుకెళ్లింది. ఆమెది రామకుప్పం పల్లెల్లో తిరిగే ఉద్యోగం. రెండు చక్రాలు మాత్రమే లాగే ఎస్‌యూవీ ఒకటి కొనుక్కుంది, దానికి ఆల్ టెరైన్ టైర్లు వేయించాలంది. దుకాణం ఇప్పుడు భాయ్ కొడుకు చూస్తున్నాడు. భాయ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గడ్డం మొత్తం తెల్లబడింది. నన్ను చూసి క్షణం ఆలోచించి, "జాతకాల సారే!" అని చేతులు చాచాడు. నేను కుశలం అడిగి, టార్చి తీసుకుని, అమ్మాయి వారిస్తున్నా వినకుండా బండి కింద దూరాను. ఒకసారి చేసిన పొరపాటును ఈ వయసులో మళ్లీ చేయదలచుకోలేదు.

"ఏం ఎతుకుతాండారు సార్?" అన్నాడు భాయ్.

"ఏ చక్రాలు లాగుతాయో చూస్తున్నాను. వెనకవే కదా?"

"లేదు సార్. ఇప్పటి బండ్లు వేరే. దీంట్లో లాగేవి ముందు చక్రాలే."

నేను బండి కింద అలాగే కొంతసేపు పడుకున్నాను. నాలుగు టైర్లూ మార్చారు (అన్నీ ఒకే వారానివి; భాయ్ అడగకుండానే వెతికించాడు). నిమ్మకాయలు ముందు చక్రాల కింద పెట్టారు. ఇంటికి వచ్చి తొమ్మిదో పుస్తకం తీసి, ముప్పై ఎనిమిదో పుటలో స్కేలుతో గీసిన ఆ రెండు గీతల పక్కన ఇలా రాశాను: "లెక్క సరైనదే. తేదీ ఒక్కటే తప్పు."

ఆ వాక్యాన్ని సైలెన్సర్‌కు ఫోను చేసి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. సన్నగా మొదలై, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. ఎన్ని సెకన్లు నవ్వాడో రాసుకోలేదు.