తూకం మేస్త్రి కొన్న కార్డు

కొత్త కుర్చీ కనిపిస్తే కూర్చునే ముందు దాన్ని రెండు చేతులతో అదిమి చూసే మనిషి అతను. గోడకు అల్మారా బిగిస్తే ముందు తానే దానికి వేలాడి, ఆ తర్వాతే గిన్నెలు సర్దనిస్తాడు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో మడత మంచం వేసి పడుకోమంటే, "ఇది ఎంత బరువు మోస్తుందండీ?" అని మామగారిని అడిగాడట. ఆ మాట ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరు మంచం వాల్చినా వినిపిస్తుంది.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్ళ నుంచి పని. అక్కడి పెద్దమేస్త్రి అతనికి 'తూకం' అని పేరు పెట్టాడు. పేరు పెట్టినవాడు మరిచిపోయినా పేరు మాత్రం అతుక్కుపోయింది.

అలాంటి జాగ్రత్తపరుడు ఎనిమిది నెలల కిందట ఒక తప్పు చేశాడు. లిఫ్టు పెట్టె నెత్తిమీదికి ఎక్కేవాడు ముందు అక్కడున్న ఎర్ర స్విచ్చు తిప్పాలి. అది తిప్పితే ఏ అంతస్తులో ఎవరు పిలిచినా లిఫ్టు కదలదు. ఆ రోజు ఎవరితోనో కబుర్లాడుతూ, తిప్పేశాననుకుని ఎక్కి కూర్చున్నాడు. అన్నిటికంటే పైనున్న తొమ్మిదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు పైకి లేచింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఒక కాలు పెట్టెకూ గోడకూ మధ్య సందులోకి జారి గాలిలో వేలాడింది. తల తిప్పితే ఆ సందులోంచి అడుగుదాకా చీకటి. పైకప్పు ముక్కుకు మూరెడు దూరంలో ఉండగా లిఫ్టు ఆగింది.

ఒంటిమీద గీత పడలేదు. కానీ ఆ తర్వాత నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే చాలు, అరికాళ్ళు చల్లబడి, వెంటనే దిగిపోయేవాడు. కంపెనీ అతన్ని నేలమాళిగలోని స్టోరులో కూర్చోబెట్టింది. సైజుల వారీగా బోల్టులు ఏరి సంచుల్లో వేయడం పని. తలమీద లిఫ్టు తిరుగుతుంటే, ఆ చప్పుడు విని "రెండో తాడు ఆరిపోయింది, గ్రీజు పెట్టరేం" అని తనలో తాను గొణుక్కునేవాడు. వినేవాడు ఎవడు?

ఇప్పుడు మేనేజరు గడువు పెట్టాడు. సోమవారం పెద్దమేస్త్రి ఎదుట ఇరవై నిమిషాలు లిఫ్టు నెత్తిన నిలబడి పనిచేసి చూపించాలి. చూపిస్తే పాత పని. లేకపోతే రిటైరయ్యేదాకా బోల్టులే. "సిద్ధంగా ఉన్నాను" అని అతను కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ ధైర్యం ఎక్కడిదంటే, బామ్మర్ది కంప్యూటర్‌లోది.

బామ్మర్ది తూకం మేస్త్రి ఇంట్లోనే ముందు గదిలో ఉంటాడు. పగలు ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం, సాయంత్రం కంప్యూటర్‌లో ఆటలు. "ముల్లును ముల్లుతోనే తీయాలి బావా" అంటూ కళ్ళకు కట్టుకునే హెడ్‌సెట్ ఒకటి తెచ్చి, టవర్లు ఎక్కి దీపాలు బాగుచేసే ఆట పెట్టి ఇచ్చాడు. మొదటి రోజు పది మెట్లకే హెడ్‌సెట్ పీకి అవతల పెట్టిన మనిషి, అయిదు నెలలు తిరిగేసరికి రెండు వందల మీటర్ల టవరు కొమ్మున నిలబడి ఈల వేసే స్థాయికి వచ్చాడు. ఒక్కటే చిక్కు. పది నిమిషాలు దాటితే బొమ్మ ఆగి ఆగి కదిలేది, కడుపులో తిప్పేది. సోమవారం పరీక్ష ఇరవై నిమిషాలు.

"కంప్యూటర్ తప్పు కాదు బావా. గ్రాఫిక్స్ కార్డు ముసలిదైంది. బొమ్మలు గీసేది అదే కదా. మారుద్దాం" అన్నాడు బామ్మర్ది.

మారుద్దాం అనగానే తూకం మేస్త్రికి కొత్త భయం పట్టుకుంది. కొత్త కార్డు ఎక్కువ కరెంటు లాగితే? కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ పెట్టె మోయలేకపోతే? వైరు కాలితే? ఆ గది కిటికీకి తెర ఉంది, తెర పక్కన మంచం, మంచం మీద దూదిపరుపు. గురువారమంతా స్టోరులో బోల్టులు ఏరుతూ మనసులోనే ఆ పరుపు మూడుసార్లు తగలబెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కంప్యూటర్ విడిభాగాల కొట్టుకు వెళ్ళారు. కొట్టు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది. అతను దాన్ని చూడనట్టే మెట్లెక్కాడు. కొట్టు యజమానురాలు ముక్కు చివర కళ్ళజోడుతో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో తలెత్తింది.

"ఏం ఆట కోసం సార్?"

"ఎక్కే ఆట."

"ఎక్కి?"

"మళ్ళీ దిగడమే."

"మా బావ మాటలకేంగానీ మేడమ్, ఆ మూడు ఫ్యాన్లది తీయండి" అన్నాడు బామ్మర్ది, కళ్ళు అప్పటికే అరమీదికి పోయాయి.

ఆవిడ ఇటుకంత కార్డును బల్లమీద పెట్టింది. తూకం మేస్త్రి దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. జేబులోంచి కొలత టేపు లాగాడు. "ముప్పై మూడు సెంటీమీటర్లు. మన కంప్యూటర్ డబ్బాలో ఇరవై ఎనిమిదే జాగా. ఇదెంత లాగుతుందమ్మా?"

"మూడు వందల ఇరవై వాట్లు. మీ పవర్ పెట్టె ఎంతది?"

"అయిదు వందలు. మిగతా సామానంతా కలిపి రెండు వందలు లాగుతుంది." అతను కార్డును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు తిరిగి బల్లమీద పెట్టేశాడు. "అయిదు వందలకి అయిదు వందల ఇరవై. ఆరుగురి లిఫ్టులో ఏడోవాణ్ణి ఎక్కించడమే."

"పెట్టె కూడా మార్చేద్దాం బావా!"

"ఆ తర్వాత డబ్బా మారుస్తావు, ఆ తర్వాత ఇల్లు మారుస్తావు."

ఆవిడ నవ్వి, అట్టపెట్టెలోంచి ఇంకో కార్డు తీసింది. ఎవరో వాడి అమ్మింది. పెద్ద జాతిదే, సగం ధర, కొలత కూడా సరిపోతుంది. బామ్మర్ది ముఖం వెలిగింది. తూకం మేస్త్రి ఫ్యానును వేలితో ఒక్క తిప్పు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. కప్పీ చక్రాల్ని అలాగే వినేవాడు ఒకప్పుడు.

"బేరింగు అరిగింది. రాత్రీ పగలూ నడిపించారు దీన్ని. వద్దు."

"మీరేం పని చేస్తారు సార్?" అంది ఆవిడ, కళ్ళజోడు పైకి తోసుకుని.

అతను జవాబు చెప్పబోయి ఆగాడు. "బోల్టులు ఏరుతాను" అన్నాడు.

చివరికి కుదిరింది రెండు ఫ్యాన్ల కార్డు. ఇరవై నాలుగు సెంటీమీటర్లు, నూట డెబ్బై వాట్లు, మెమరీ పన్నెండు జీబీ. హెడ్‌సెట్‌కు మెమరీ ఎంత ఉంటే అంత మంచిదని ఆవిడే చెప్పింది. అతను వేళ్ళమీద కూడుకున్నాడు: అంతా కలిపి మూడు వందల డెబ్బై. అయిదు వందల్లో నాలుగో వంతు పైగా ఖాళీ. లిఫ్టుకైనా అంతకంటే ఏం కావాలి?

శనివారం మధ్యాహ్నం బిగించారు. పాత కార్డు తీసి, కొత్తది టక్కుమని పట్టేదాకా నొక్కి, వైరు గుచ్చి, తూకం మేస్త్రి కంప్యూటర్ ముందు కాకుండా గోడ దగ్గర మెయిన్ స్విచ్చు మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. పావుగంట నిలబడ్డాడు. పొగ రాలేదు, వాసన రాలేదు.

"ఇక రా బావా, అది కాలేలా లేదు" అని బామ్మర్ది హెడ్‌సెట్ అందించాడు. "ఆటలో సెట్టింగులన్నీ ఎక్కువలో పెట్టాను. చూడు ఎలా ఉంటుందో."

బొమ్మ నీళ్ళలా కదిలింది. ఎక్కడా ఆగలేదు. అలవాటైన మెట్లే, అలవాటైన కొమ్మే. ఈల వేయబోతూ, రోజూలాగే కిందికి చూశాడు.

రోజూ అక్కడ బూడిదరంగు పొగమంచు ఉండేది. మెత్తగా, దుప్పటి పరిచినట్టు. ఈరోజు లేదు. టవరు కాళ్ళు సన్నబడి సన్నబడి దారమై నేలను తాకేదాకా కనిపించాయి. కారు పైకప్పులు మినపగింజల్లా ఉన్నాయి. రోడ్డు మీద ఎవరో నడుస్తున్నారు. ఆ చుక్కకు నీడ కూడా ఉంది.

కాలు సందులోకి జారిన ఆ క్షణం మళ్ళీ వచ్చింది. హెడ్‌సెట్ లాగి పారేసి, నేలమీద చతికిలబడి, రెండు అరచేతులూ గచ్చుకు ఆనించాడు.

"పొగమంచు ఏదిరా?"

"ఏ పొగమంచు?"

"కింద ఉండేది!"

"అదా? అది ఆటలోది కాదు బావా. పాత కార్డుకి అంత దూరం గీసే సత్తా లేదని నేనే తగ్గించి పెట్టాను. చేతకాని చోటల్లా అది బూడిదరంగు పూసి వదిలేసేది."

అంటే అయిదు నెలలుగా తాను ఎక్కింది ఏమిటి? దుప్పటి మీద నిలబడి ఈల వేశాడు. ఆ ఈలను నమ్మి సంతకం పెట్టాడు.

"తీసెయ్. పాతదే పెట్టెయ్. సోమవారం దాకా చాలు."

అప్పుడే భార్య పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. కుర్చీ పిడిని గట్టిగా పట్టుకున్న చేతుల్ని చూసీ చూసీ, భయపడ్డ మనిషిని వెనకనుంచి చూసి కూడా గుర్తుపడుతుంది. చెప్పులు విప్పకుండానే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైందండీ?"

బామ్మర్ది అంతా చెప్పాడు. ఆవిడ విని, "పాతది పెట్టుకుని ప్రాక్టీసు చేస్తారు సరే. సోమవారం అక్కడ పొగమంచు మీరు పట్టుకెళ్తారా?" అంది.

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వడం లేదండీ. మా కుర్చీలో భయపడేవాళ్ళతో పేచీ లేదు. బిగుసుకుని కూర్చుంటారు, నోరు కదపరు. నాకేం భయమనేవాళ్ళే డ్రిల్లు నోట్లో ఉండగా తల తిప్పుతారు. చిగుళ్ళు తెగేది వాళ్ళకే."

ఆవిడతో అతను ఎనిమిది నెలలుగా చెప్పని మాట ఒకటుంది. స్విచ్చు చెడిపోయిందనే ఇంట్లో చెప్పాడు.

"ఆ రోజు స్విచ్చు చెడిపోలేదు. నేనే తిప్పలేదు" అన్నాడు.

ఆవిడ అతని చేయి గచ్చుమీంచి తీసి, తన చేతిలో పెట్టుకుంది. బామ్మర్ది మెల్లగా పాత కార్డును అట్టపెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆదివారం నాలుగుసార్లు హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. మొదటిసారి అర నిమిషం. రెండోసారి వాంతి. నాలుగోసారి ఇరవై నిమిషాలు నిలబడ్డాడు గానీ, చొక్కా పిండితే నీళ్ళు కారేవి. ఈల మాట అటుంచి, ఊపిరే లెక్కపెట్టుకుని పీల్చాడు.

సోమవారం పొద్దున్న ఒక ఆఫీసు భవనం ఎనిమిదో అంతస్తు. పెద్దమేస్త్రి గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"ఏరా తూకం, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట. ఎక్కుతావా?"

"భయంగా ఉంది మేస్త్రీ."

"నిజం చెప్పేశావే! కాగితం మీద అలా రాయలేదుగా?"

పెద్దమేస్త్రి తాళంచెవితో తలుపు తెరిచాడు. లిఫ్టు పెట్టె నెత్తి వాళ్ళ పాదాల దగ్గర ఉంది. పక్కన సందు, సందులో చీకటి. గ్రీజు వాసన. తూకం మేస్త్రి కళ్ళు ఆ సందుకు అతుక్కుపోయాయి. పెద్దమేస్త్రి వంగి, మేనేజరు గురించి ఏదో జోకు చెబుతూ, లోపలికి చేయి చాపి లేచాడు.

"స్విచ్చు తిప్పాను. ఎక్కు."

తూకం మేస్త్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఒకసారి తలుపు మూసి చూద్దాం మేస్త్రీ."

"తిప్పానంటే నమ్మవా? ముప్పై ఏళ్ళ సర్వీసురా నాది!"

"నమ్మకం కాదు. నాకు భయం. మూసి, బటన్ నొక్కి చూద్దాం. కదలకపోతే ఎక్కుతాను."

పెద్దమేస్త్రి విసుక్కుంటూ తలుపు మూశాడు. తూకం మేస్త్రి బటన్ నొక్కాడు.

లోపల మోటారు మూలిగింది. తాళ్ళు కదిలిన చప్పుడు. లిఫ్టు పైకి లేచి, వాళ్ళ ముందే మర్యాదగా తలుపులు తెరుచుకుని నిలబడింది. ఖాళీగా, లోపల లైటు వెలుగుతూ.

పెద్దమేస్త్రి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"నిన్ను పరీక్షిద్దామనేరా" అన్నాడు గొంతు సవరించుకుని.

తూకం మేస్త్రి అవునన్నట్టు తలూపాడు. ఆనాడు మూరెడు దూరంలో ఆగిన పైకప్పు అతని కళ్ళముందే ఉంది. మళ్ళీ లిఫ్టును కిందికి దించారు. ఈసారి తలుపు అతనే తెరిచాడు. ఎర్ర స్విచ్చు తిప్పి, "స్విచ్చు తిప్పాను" అని పైకే అన్నాడు. తలుపు మూసి బటన్ నొక్కాడు. కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. కదల్లేదు. పెద్దమేస్త్రి ఈసారి విసుక్కోలేదు.

తలుపు తెరిచి, ఒక కాలు పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టాడు. సందులోంచి కిందికి చూశాడు. అడుగున చిన్న దీపం, అంతదాకా ఒక్కో అంతస్తూ విడివిడిగా కనిపించింది. దుప్పటి ఎక్కడా లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో తాడును తడిమి చూశాడు. రెండోది ఆరిపోయి ఉంది. స్టోరులో తను అనుకున్నట్టే, వీళ్ళు ఎక్కడా గ్రీజు సరిగ్గా పెట్టడం లేదు.

"పది నిమిషాలైంది. దిగుతావా?" అన్నాడు పెద్దమేస్త్రి గుమ్మంలోంచి.

"ఇంకో పది ఉంది. గ్రీజు డబ్బా ఇయ్యి."

డబ్బా పట్టుకుని పెద్దమేస్త్రి తనూ పెట్టె మీదికి కాలు చాపాడు. తూకం మేస్త్రి ఉలిక్కిపడి చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఇప్పుడు నీ బరువెంత మేస్త్రీ?"