నాలుగో చుక్క

మూడేళ్ళుగా నా ఎడమ మోచేతి మడత కంటపడితే చాలు, చూపు తిప్పేసుకుంటాను. అక్కడ మచ్చేమీ లేదు. సూది గుర్తు రెండు రోజుల్లోనే పోయింది. పోనిదేమిటో మీకు చెబుతాను. మీరు నన్నెరగరు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది బాపట్ల. తెనాలిలో ఒక ల్యాబులో టెక్నీషియన్ని. వారానికి రెండు రోజులు బండి మీద రేపల్లె వెళ్ళి, ఇళ్ళ దగ్గరే రక్తం తీసి తెచ్చేవాణ్ణి. అక్కడ రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. తర్వాత మూడు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష. ఆ అంకె తక్కువగా ఉంటే ఊరట. పెరుగుతూ పోతే జబ్బు తిరగబెడుతోందేమోనని అనుమానం. మాస్టారు ఆ అంకెల్ని గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి, స్కేలుతో కలిపి, బీరువా తలుపుకి అంటించుకున్నారు. 2.2. 2.9. 4.6. నాలుగోసారి ఐదు దాటితే వెంటనే స్కాన్ తీయాలని డాక్టరు చెప్పారు. ఇది నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు లేదు.

ఆ నాలుగోసారి నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చాను.

“ఏరా అబ్బాయ్, నరం ఎక్కడుందో ఎక్స్ అనుకుని మొదలుపెట్టావా?” అన్నారు నవ్వుతూ.

చివరికి సిరంజితో లాగి, ట్యూబులో పోసి, మూత నేనే నొక్కాను. వేమూరు దగ్గర గతుకులో బండి ఎగిరింది. ఐస్ బాక్సు తెరిచి చూస్తే ఆ ఒక్క ట్యూబే మూత ఊడి ఒలికిపోయి ఉంది.

వెనక్కి వెళ్ళాలి. లేదా ల్యాబుకి ఫోన్ చేసి నిజం చెప్పాలి. మాకు నేర్పినవి ఆ రెండే. నేను బస్ షెల్టరులో కూర్చుని, రబ్బరు పట్టీ పళ్ళతో బిగించి, నా చేతిలోంచి రక్తం తీసి, ఆయన పేరు రాసిన కొత్త ట్యూబులో పోశాను. లేబుల్ మళ్ళీ సరిచూశాను కూడా. పేరు, వయసు, తేదీ, టైము. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఎందుకు? పెద్దాయన్ని మళ్ళీ గుచ్చడం ఇష్టంలేక అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలేనా అది? కాదు. ఆ నెలలో అప్పటికే ఒక శాంపిల్ పాడుచేసి మాట పడ్డాను, ఇంకోసారి పడటం నామోషీ అనిపించింది, అవతల మనిషి ప్రాణం ఉందన్న సంగతి తెలిసి కూడా తలలోకి రానివ్వలేదు.

రిపోర్టు 1.4. స్కాన్ ఆగిపోయింది. ఆదివారం మాస్టారు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించారు. అందులో నా పేరు కూడా చెప్పించారట.

ఐదోసారి 41.

మర్నాడు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి బీరువా ముందు నిలబడి ఉన్నారు. చుక్క పెట్టడానికి చోటు చాలక పైన ఇంకో కాగితం అతికించారు.

“గీత ఇంత నిటారుగా లేవదురా. కిందికి దిగి, ఒక్కసారిగా ఇంత పైకా? ఏదో ఒక చుక్క తప్పు. నాలుగోదా, ఐదోదా? చదువుకున్నవాడివి, చెప్పు.”

ఆయన వేలు నాలుగో చుక్క మీదే ఉంది.

“ఐదోది మళ్ళీ చేద్దామండి మాస్టారూ.”

“అంతేనంటావా?”

“అంతేనండి.”

చెయ్యి చాపారు. ఈసారి నరం ఒక్కసారికే దొరికింది.

43. స్కాన్‌లో కాలేయం నిండా మచ్చలు. మూడు నెలల ముందు తీసి ఉంటే ఏం కనిపించేది? ఒకటో రెండో ఉండి, కోసి తీసేయగలిగేవారేమో. అప్పటికే ఆలస్యమైపోయి ఉండేదేమో. తెలియదు. ఎవరికీ ఎప్పటికీ తెలియకుండా చేసింది నేనే.

ఆయన పోయి రెండేళ్ళు. పోయినప్పుడు పలకరించడానికి వెళితే మాస్టారి భార్య ఆ గ్రాఫ్ తీసి నా చేతిలో పెట్టారు.

“ప్రతిసారీ వచ్చింది నువ్వే కదా నాయనా. నీ దగ్గరుండనీ. ఉన్నట్టుండి పెరిగిపోయింది, ఎవరు మాత్రం ఏం చేస్తారు?”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆవిడకి ఎప్పుడు చెప్పగలనో తెలియదు. ముందు ఒక్కరికైనా చెప్పాలి.

కాగితం నా ఎదురుగానే ఉంది. మొత్తం ఆరు చుక్కలు. నాలుగోది మాస్టారిది కాదు. నాది.